చితి ముందు సన్యాసం

"ఉల్లిపాయలయ్యాక తామరాకు ఒకటి కడిగి పెట్టవే. మీ అన్నయ్యకి గుండు చేసేటప్పుడు జుట్టు అందులోనే పట్టాలి," అంది మేనత్త.

బువాలై తలాడించి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలతో ఒక మేలుంది, ఏడుపెందుకని ఎవరూ అడగరు. పెరట్లో జిగురుబియ్యం ఆవిరికి ఉడుకుతోంది. ముందుగదిలో నాన్న పెట్టెలో ఉన్నాడు. ఆయన పోయినప్పటినుంచి ఆ గదిలో ఆమె కాసేపు కుదురుగా కూర్చున్నది లేదు. భిక్షువులు మంత్రాలు చదువుతుంటే గ్లాసులు కడిగింది. ఊరంతా కూర్చుని నాన్న మంచితనం చెప్పుకుంటుంటే వాళ్లకి వడ్డించింది. ఇవాళ సాయంత్రం దహనం. ఆ రోజున కొడుకు గుండు చేయించుకుని, కాషాయం కట్టి, సన్యాసిగా శవం ముందు నడవాలి. ఆ కాషాయం చెంగు పట్టుకుని తండ్రి పైలోకాలకు వెళ్తాడు. బ్యాంకాక్ నుంచి అన్నయ్య విరాత్ అందుకే వచ్చాడు. రాత్రి బస్సుకి తిరుగు టిక్కెట్టు కూడా చేయించుకుని వచ్చాడు.

ఆ నమ్మకాన్ని తీసిపారేసే మనిషి కాదామె. పున్నమికీ అమావాస్యకీ పూలు పట్టుకుని విహారానికి వెళ్తుంది. కానీ కత్తి ఆడుతున్నంతసేపూ ఒకటే ప్రశ్న. మంచంపట్టిన నాన్నని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, బట్టలు మార్చినవి ఈ చేతులే. ఈ చేతులు పట్టుకుని లేచిన మనిషి పైకి వెళ్లడానికి మాత్రం వీటిని ఎందుకు పట్టుకోకూడదు?

ఒకసారి వీపు తుడుస్తూ ఆయన్నే అడిగింది. "ఆడపిల్లవి, నీకు కాషాయం ఎక్కడిదే పిచ్చిదానా? విరాత్ వస్తాడులే," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కోపంగా అని ఉంటే ఇంత గుచ్చుకునేది కాదేమో.

నాన్న బున్మా అంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గౌరవం. వెదురు గుంజలూ రాళ్లూ వేసి వాగు మీద కట్టే ఆనకట్టకి ఆయనే పెద్ద. ఏ పొలానికి ఎంత నీరన్నది ఆయన మాట. వరదకి కట్ట తెగినప్పుడల్లా మొదట నీళ్లలోకి దిగేది ఆయనే, తన పొలానికి చివర్న నీళ్లు పెట్టుకునేదీ ఆయనే. అవన్నీ నిజాలే. నిన్న ఊరిపెద్ద కూడా చెప్పాడు, "కట్ట పని జరిగినన్నాళ్లూ బున్మా ఇంట్లో పొయ్యి ఆరింది లేదు. ఎంతమందికైనా పెట్టే చెయ్యి ఆయనది." అందరూ తలలూపారు. పళ్లెం పట్టుకుని నిలబడ్డ బువాలైకి పొగకి ఎర్రబడ్డ అమ్మ కళ్లు గుర్తొచ్చాయి. పొయ్యి ఆరకపోవడం నాన్న గొప్ప ఎలా అయింది? ఊదిందెవరు? అమ్మ పోయినప్పుడు విరాత్‌కి సెలవు దొరకలేదు. కాషాయం కట్టిన బిడ్డ ఎవరూ అమ్మ ముందు నడవలేదు. "ఆవిడ పుణ్యం ఆవిడకుంటుందిలే," అని నాన్నే సర్దిచెప్పాడు.

ఆమె కత్తి పక్కన పెట్టి లేచింది.

వాకిట్లో పెద్దభిక్షువు ఎదుట విరాత్ తల వంచుకు కూర్చున్నాడు. బువాలై తామరాకులు రెండు తెచ్చింది.

"రెండెందుకే?" అంది అత్త.

"ఒకటి నాకు." ఆమె నేల మీద కూర్చుని పెద్దభిక్షువుకి నమస్కరించింది. "స్వామీ, నాకూ సన్యాసినుల అష్టశీలాలు ఇప్పించండి. గుండు చేయించుకుని, తెల్లబట్టలు కట్టుకుని నేనూ నాన్న ముందు నడుస్తాను."

"మరి వడ్డన? మతి పోయిందా నీకు?"

"గరిట ఎవరైనా పట్టుకోవచ్చు అత్తా."

ఆమె భర్త తొంగ్‌బై పక్కవాడి భుజం తట్టి నవ్వాడు. "మధ్యాహ్నం దాటితే మెతుకు ముట్టకూడదట. మా ఆవిడకి సాయంత్రానికి ఇంకో పెట్టె చేయించాలి."

నలుగురూ నవ్వారు. పెద్దభిక్షువు నవ్వలేదు. "భర్త ఒప్పుకోవాలమ్మా. ఏమంటావయ్యా?"

వాకిలంతా తొంగ్‌బై వైపు చూసింది. సన్యాసానికి అడ్డుపడటం ఎంత పాపమో అక్కడ పిల్లలకి కూడా తెలుసు. "దానికేం స్వామీ, కానివ్వండి," అన్నాడు.

ఎన్నాళ్లకని ఎవరూ అడగలేదు. చితి ముందు సన్యాసమంటే ఒక్కరోజుదే కదా. విహారంలో ఉండే ముసలి సన్యాసిని ఆమెకి గుండు చేసింది. శీలాలు తీసుకునేటప్పుడు బువాలై నెమ్మదిగా ఒక మాట చెప్పింది. పెద్దభిక్షువు ఆమె ముఖంలోకి చూశాడు.

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఉల్లిపాయలు చాలానే తరిగాను స్వామీ."

సాయంత్రం పెట్టెకి కట్టిన తెల్లదారం పట్టుకుని, అన్నయ్య వెనకాల, ఉత్తకాళ్లతో నడిచింది. దారం బిగిసినప్పుడల్లా నాన్న బరువు అరచేతికి తెలుస్తోంది. చేతిలో పళ్లెం లేదు, గరిట లేదు. అందరూ చూస్తుండగా ఏడ్చింది. నువ్వు అడగలేదు నాన్నా, అయినా వచ్చాను, అనుకుంది.

విహారం పక్కనే పేర్చిన చితి సగం కాలేసరికి విరాత్ లోపలికి వెళ్లి కాషాయం విప్పేసి, ప్యాంటు తొడుక్కుని వచ్చాడు. గుండు తడుముకుంటూ, "వస్తానే చెల్లీ, బస్సు టైమైంది," అన్నాడు. విహారం గేటు దగ్గర తొంగ్‌బై బండి ఇంజిన్ ఆపకుండానే పిలిచాడు.

"ఎక్కు. బట్టలు ఇంటికెళ్లి మార్చుకుందువుగాని. గిన్నెలన్నీ అలాగే పడున్నాయి, అత్త గోలపెడుతోంది."

బువాలై గేటు లోపలే నిలబడింది.

"రేపట్నుంచి విహారంలో వానాకాలపు వ్రతం మొదలు, మూడు నెలలు. అది అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. స్వామికి అలాగే మాటిచ్చాను."

"నేను ఒప్పుకుంది ఒక్కరోజుకి."

"మీరు కానివ్వండన్నారు. రోజులు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, అది నా తప్పే. కావాలంటే లోపలికెళ్లి స్వామితో వద్దని చెప్పండి, వచ్చేస్తాను."

అతను విహారం వైపు చూశాడు. మెట్ల మీద ఊరివాళ్లు కూర్చుని ఉన్నారు. ఇంజిన్ ఆపేశాడు.

"మీ నాన్నకి ఇవాళ్టితో అయిపోయింది కదా. ఇంకా ఎవరికోసం ఇదంతా?"

"ఇవాళ్టిది నాన్నకి," అంది బువాలై. "రేపట్నుంచి అమ్మకి."