ఎవరూ చావని సెలవు

"మీ అమ్మను సంపెయ్ మే," అంది హసీనా, తడి రగ్గు రెండో కొన పట్టుకుని మెలిపెడుతూ.

"అదేటక్కా, మా అమ్మ బతికే ఉంది."

"బతికుంటేనే కదా సంపేది? సచ్చినోళ్ళను మళ్ళీ ఎట్ల సంపుతావు? మా అత్తను నేను రెండు తూర్లు సంపినా. రెండు తూర్లూ మా మామా, అదే మే మా ఇంటి అరబ్బమ్మ, కండ్లనీళ్ళు పెట్టుకుని టికెట్టు తీసింది. ఆ ముసిల్ది ఈ పొద్దు గూడా సంగటి తిని కాలు మీద కాలేసుకుని కూసోనుంటాది."

దోహాలోని అబూ హమూర్‌లో రెండిళ్ళ మేడల మధ్య నడుమెత్తు పిట్టగోడ. ఇటు సుకురి, అటు హసీనా. హసీనాది రాయచోటి, అరబ్బుల ఇంట్లో పని. మెషిన్‌లో పట్టని రగ్గులు ఉతికినప్పుడల్లా గోడకు చెరో వైపు నిలబడి పిండుకుంటారు. వారంలో వాళ్ళకు దొరికే మాటామంతీ అదే.

హసీనా చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఇళ్ళల్లో పనిచేసే ఆడదానికి సెలవు కావాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు చావాలి. పెళ్ళయినా పర్లేదు గానీ శుభలేఖ ఫోన్లో చూపించాలి, తేదీలు అడుగుతారు. చావుకు ఆ గొడవ లేదు, గొంతు పూడుకుపోతే చాలు. కడపలోనూ కోనసీమలోనూ గుండ్రాళ్ళలా తిరుగుతున్న ముసలమ్మలు ఎంతమంది దోహాలో చచ్చిపోయారో లెక్కలేదు. డ్రైవర్లకు ఈ బాధ లేదు. మగాడు ఊరెళ్తానంటే పాపం ఇల్లు గుర్తొచ్చింది అంటారు. ఆడదానికి ఇల్లు గుర్తురావాలంటే శవం కావాలి.

సుకురికి చావూ లేదు, పెళ్ళీ లేదు. అరకు కొండల్లో వాళ్ళ ఊళ్ళో చైత్రంలో ఇటుకల పండగ. మగాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుగడ కట్టి, వచ్చే జీపునూ పోయే లారీనీ ఆపి, పండగ మామూలు ఇస్తేగానీ గడ ఎత్తరు. పొద్దు వాలితే ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యేసి వరసకట్టి దింసా ఆడతారు. పదిహేనో ఏట ఆ వరసలోకి వెళ్ళింది సుకురి. ఇక్కడికొచ్చి మూడేళ్ళయింది. రెండేళ్ళ ఒప్పందం తీరగానే వెళ్తానంది. అప్పుడే పనిచేసే ఇంట్లో బాబు పుట్టాడు, ఆగమన్నారు, ఆగింది. ఇప్పుడు ముప్పయ్యారేళ్ళు. ఈ ఏడూ పోకపోతే వరసలో తన చోటు మూసుకుపోతుందని భయం.

"ఆడేదానికి పోతా అంటే ఎవురన్నా పంపిస్తారా?" హసీనా రగ్గు తీగ మీద పడేసి నవ్వింది. "నేనైతే పంపించను మే."

కింద ఇంట్లో సుకురి పని పొద్దున్నే అయిదింటికి మొదలవుతుంది. బాబుకు పాలు, సారుకు కాఫీ, అమ్మకు డబ్బా. సారు మధుసూదన్ ఇంజనీరు, అమ్మ అనిత బడిలో టీచరు. వచ్చిన మొదటి రోజే కాకినాడ నుంచి సారువాళ్ళమ్మ వీడియో ఫోన్లో చూసి, "సుకురేంటి, నోరు తిరగదు. సుగుణ అని పిలవండి," అంది. అప్పట్నుంచి సుగుణే. అదే ఫోన్లో అదే ఆవిడ కోడల్ని కూడా అంటూ ఉంటుంది, "పనిమనిషిని పెట్టుకుని కూడా మా వాడు చిక్కిపోయాడేంటమ్మా?" అప్పుడు అనిత మొహం గిన్నెలు తోముతున్నట్టు అయిపోతుంది. ఆ మొహాన్ని సుకురి చాలాసార్లు చూసింది. చూసి, తనకు జాలి పడే టైము ఎక్కడుందిలే అనుకుని ఉల్లిపాయలు తరుక్కుంది.

పోయిన నెలలో వాళ్ళు తైవాన్ వెళ్ళారు. బాబును ఎత్తుకునే చెయ్యి కావాలి కాబట్టి సుకురినీ తీసుకెళ్ళారు. "పనిదానికి టూరా?" అంది కాకినాడావిడ. అలీషాన్ అనే కొండ మీద త్సోవు అనే అడవి జాతి వాళ్ళ ఊరు. వాళ్ళ ఇంట్లోనే బస, వాళ్ళ పండగే చూడ్డం. బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే మంచు అద్దాలకు అంటుకుంది. సుకురికి ఒళ్ళు ఝల్లుమంది. మూడేళ్ళ తర్వాత ముక్కులోకి తడి మన్ను వాసన వచ్చింది. సారు వెనక్కి తిరిగి, "బాబు చెవులు కప్పు," అన్నాడు.

ఊరి మధ్యలో కాళ్ళ మీద నిలబడ్డ పెద్ద ఇల్లు, గడ్డి కప్పు. అందులోకి మగవాళ్ళే ఎక్కాలట. ఇక్కడా అంతేనా, అనుకుంది సుకురి. కొండలెన్ని మారినా కొన్ని మెట్లు మగాళ్ళవే. ముందు ఎర్రబట్టలు కట్టుకుని, టోపీలకు ఈకలు పెట్టుకున్న మగాళ్ళు చేతులు పట్టుకుని తిరిగారు. తర్వాత ఆడవాళ్ళు కలిశారు. డప్పు లేదు, సన్నాయి లేదు. గొంతులే. ఆఖర్న చూసేవాళ్ళను కూడా రమ్మన్నారు. వాళ్ళు బస చేసిన ఇంటి ముసలావిడ నేరుగా సుకురి దగ్గరకొచ్చింది. బాబును పక్కనున్న మనవరాలి చేతుల్లో పెట్టి, సుకురి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ అరచెయ్యి గరుకు సుకురికి తెలుసు. రోకలి పట్టిన చెయ్యి అది.

అడుగు వేరు. అయినా నాలుగు అడుగుల తర్వాత కాళ్ళకు అర్థమైపోయింది. మర్నాడు ముసలావిడ మనవరాలి ఫోన్లో మాట్లాడితే ఆ ఫోను దాన్ని హిందీలోకి మార్చి అడిగింది, మీ ఊళ్ళో పండగెప్పుడు అని. ఇంకో రెండు నెలలకు, అంది సుకురి. వెళ్తున్నావా, అని అడిగింది ఫోను. మూడేళ్ళలో ఆ మాట అడిగింది ఆ ముసలావిడ ఒక్కతే.

రగ్గు పిండిన ఆ శుక్రవారమే మధ్యాహ్నం సారు ఆఫీసువాళ్ళు రెండు కుటుంబాలు భోజనానికి వచ్చారు. పులిహోర, గారెలు, కోడికూర, అన్నీ సుకురివే. పొగడ్తలు అనితవి, "మా కోడలికి వంట రాదు" అన్న అత్తగారి మాట కూడా అనితదే. తిన్నాక సారు ఫోను టీవీకి కలిపాడు.

"కల్చరంటే ఇదీ," అన్నాడు, తెర మీద మంట చుట్టూ జనం తిరుగుతుంటే. "ఎక్కడెక్కడో ఇంజనీర్లుగా, నర్సులుగా పనిచేసేవాళ్ళు కూడా ఈ పండక్కి సెలవు పెట్టి కొండెక్కి వచ్చేస్తారట. మనమే అన్నీ వదిలేసుకున్నాం."

అందరూ అవునవునని తలలూపారు. పాయసం గిన్నెలతో వచ్చిన సుకురి అక్కడే నిలబడిపోయింది. తెర మీద తను ఉంది. ముసలావిడ చేతిలో చెయ్యేసి, తల కాస్త వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఎవరీమె అనుకుంది ఒక క్షణం. బాత్రూం అద్దంలో రోజూ కనిపించే మనిషి మాత్రం కాదు.

"అయ్యో, మీ పనమ్మాయి కూడా దూరిందే!" అంది ఒకావిడ. "స్టెప్పు భలే వేస్తోందండీ. నేర్పించారా?"

"ట్రైబలే కదండీ. వాళ్ళకి వాళ్ళకి కుదురుతుంది," అన్నాడు సారు నవ్వుతూ. "ఈ ముక్క కట్ చెయ్యాలి. ఫ్రేమ్ పాడైంది."

పాయసం వేడిగా ఉంది. గిన్నె అంచు వేళ్ళకు కాలుతోంది. సుకురి అందరికీ ఇచ్చింది, ఒక్క చుక్క ఒలకలేదు. చేతులు అలవాటైనవి, వాటికి కోపం తెలియదు. తెలిసేది ఇంకెక్కడో. నాలుగింటికి వాళ్ళు వెళ్ళిపోయాక ఇరవై మూడు గ్లాసులు కడిగి, చేతులు తుడుచుకుని, హాల్లోకి వచ్చి నిలబడింది.

"సార్, ఏప్రిల్లో నేను ఊరెల్తాను. మూడు వారాలు."

సోఫాలో వాలిన మధుసూదన్ లేచి కూర్చున్నాడు. మంచివాడే, ఆ మొహంలో నిజంగానే కంగారు కనిపించింది. "ఏమైంది? అమ్మకు బాగోలేదా?"

అబద్ధానికి తలుపు ఆయనే తీశాడు. ఊఁ అంటే అయిపోతుంది. అమ్మ ఈపాటికి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉంటుంది. ఊఁ అన్నాక కూడా తీస్తూనే ఉంటుంది, ఆవిడకు తెలిసేదేముంది? కానీ వరసలో ఎడమ పక్కన సుకురి నడుము మీద చెయ్యేసేది ఆవిడే. అరవయ్యేళ్ళ చెయ్యి, ఇంకా జారదు. ఎవరి పక్కన నిలబడి ఆడాలని వెళ్తోందో ఆ మనిషినే చంపి వెళ్ళడం సుకురికి చేతకాలేదు.

"అందరూ బాగున్నారు సార్. మా పండగ. ఆడ్డానికి ఎల్తాను."

"ఆడ్డానికా?" ఆయన అనిత వైపు చూశాడు. "విన్నావా? డాన్సుకట!"

"పిచ్చా నీకు సుగుణా?" అంది అనిత. "ఏప్రిల్లో నాకు బళ్ళో ఎంత పనుంటుందో తెలీదూ?"

"సర్లే, వచ్చే ఏడాది చూద్దాం. ముందు టీ పెట్టు," అన్నాడు సారు.

"అడగట్లేదు సార్. సెప్తన్నాను. ఒప్పందం అయిపోయి ఏడాదయింది. అందులో రాసిన టికెట్టు నాకింకా రావాలి. పండగయ్యాక ఒస్తాను, మీకు కావాలంటేనే."

"ఎవరెక్కిస్తున్నారు ఇవన్నీ నీకు? ఆ పక్కింటి హసీనానా?"

"మీరే కదా సార్. ఇందాక సెప్పారు. ఎక్కడున్నా సెలవు పెట్టి కొండెక్కాలి, కల్చరంటే అదీ అని."

అది వాళ్ళ కల్చరు, అనబోయాడు కాబోలు మధుసూదన్. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో ఆయనకే తెలిసి, రిమోట్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. టీవీ హాల్లోనే ఉంది, రిమోట్ గదిలోకి ఎందుకో.

సుకురి వంటింట్లోకి వచ్చింది. టీ నీళ్ళు పెట్టింది. వెనకే అనిత వచ్చింది.

"మూడు వారాలు నేనేం చెయ్యను చెప్పు. బాబు, వంట, పేపర్లు దిద్దడం."

"సారున్నారు కదమ్మా."

"ఆయనా?"

ఆ మాట తర్వాత అనిత గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది. అది నవ్వు అని తెలియడానికి కొంచెం సేపు పట్టింది, ఎప్పుడో మూలపెట్టిన మిక్సీ తిరిగినట్టు. ఆవిడ గట్టుకు ఆనుకుని అలా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంది.

"ఆ ముసలావిడ నీకంటే ముందు నన్నే పిలిచింది, తెలుసా? ఈయన వీడియో తియ్యమన్నారు కదా అని వెళ్ళలేదు. నిన్ను తీస్తూ ఉండిపోయాను. ఆయన చూపించింది కొంచెమే. ఆరు నిమిషాలుంది. కట్ చెయ్యను, నీ ఫోనుకు పంపిస్తాను." కొంచెం ఆగి అంది, "నాకు కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి సుగుణా, ఫోను పట్టుకునే. వీడియో అంతా అదురుతూ ఉంటుంది చూడు."

టీ పొంగింది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. అనితే స్టవ్ ఆపింది.

"తేదీలు చెప్పు, టికెట్ నేను తీస్తాను. ఆయన్ను నాకొదిలెయ్. నేర్చుకుంటాడు, మూడు వారాల్లో కుక్కరు పెట్టడమైనా వస్తుంది." ఫోన్లో వేలు ఆగింది. "పాస్‌పోర్టులో పేరెలా ఉంది?"

"కిల్లో సుకురి."

అనిత ఒక్కో అక్షరమే కొట్టింది. ఆ తర్వాత పైకి చదివి చూసుకుంది. నోరు బాగానే తిరిగింది.

టీ కప్పు తీసుకుని సుకురి మేడెక్కింది. ఎండ తగ్గింది, ఆరిన రగ్గు గాలికి బరువుగా ఊగుతోంది. దొన్నుకు ఫోన్ చేసింది. మొగుడు రెండో మోతకే ఎత్తాడు.

"ఏప్రిల్లో ఒస్తన్నాను."

"అయ్యో! ఎవరు పోనారు?"

"ఎవరూ పోలేదు. పండక్కి ఒస్తన్నాను."

అవతల కోడి అరుపు వినిపించింది. "పండగ నువ్వొస్తేనే అవుద్దేటి? మూడేళ్ళు నువ్వు లేకండానే సేసుకున్నాం. ఏటకెల్లేది మేం కదా. నువ్వొచ్చి ఏటి సేస్తావు?"

అదే మాట పోయినేడూ అన్నాడు, అంతకు ముందేడూ అన్నాడు. రెండుసార్లూ నిజమే కదా అనుకుని ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు మాత్రం ఆ కొండదారి కళ్ళకు కట్టింది. వేటకు పోయిన మగాళ్ళు ఏదో ఒకటి కొట్టి తెస్తే ఆడవాళ్ళు పాడుతూ ఎదురెళ్తారు. వట్టి చేతులతో వస్తే కుండల్లో పేడనీళ్ళు కలిపి, వాళ్ళ మీద గుమ్మరించడానికి కాచుకుని ఉంటారు. ఏ మొగుణ్ణి ఏ పెళ్ళాం ఎంత మాటన్నా ఆ రోజు ఎదురు చెప్పకూడదు. అందుకే చాలామంది చీకటి పడేదాకా అడవి అంచున నక్కి కూర్చుంటారు. ఇప్పుడు ఆ అడవిలో కుందేలు కూడా మిగల్లేదు. ఈ మూడేళ్ళూ దొన్ను వట్టి చేతులతోనే తిరిగొచ్చి ఉంటాడు. అయినా తను లేదు కాబట్టి నక్కవలసిన పని లేక, పొడి బట్టలతో దర్జాగా నడిచొచ్చి ఇంట్లో పడుకుని ఉంటాడు.

నవ్వు పైకి వచ్చేసింది. పిట్టగోడ అవతల బట్టలు తీస్తున్న హసీనా ఏమైందా అని తొంగి చూసింది.

"ఏటి నవ్వుతావు?" అన్నాడు దొన్ను, ఆ గొంతులో అప్పటికే కాస్త అనుమానం.

"ఏటి లేదు. మూడేళ్ళదీ ఒక్క కుండలోనే కలుపుతాను. పాత సొక్కా ఏసుకుని రా."