ఐదో రింగుకే

మా వృద్ధుల వసతి గృహంలో గదులు నలభై. నా బల్ల మీది పుస్తకంలో గది కోసం వరసలో ఉన్న పేర్లు మూడు వందల పన్నెండు. ఈ శివారులో ఇళ్ళు కట్టుకున్నప్పుడు అందరూ ముప్పైల్లో ఉన్న జంటలేనట. కలిసి వచ్చారు, కలిసే ముసలివాళ్ళయ్యారు. ఈ అంతస్తుల ఇళ్ళకి వట్టి మెట్లే కట్టినవాళ్ళకి ఈ ఆలోచన వచ్చినట్టు లేదు.

గదులిచ్చే గుమస్తాని నేను. కాబట్టి ఇక్కడ నాకున్నంత మంది చుట్టాలు ఇంకెవరికీ లేరు. కూరగాయల దగ్గర నిలబడితే చాలు, "మా నాన్న సంగతి కాస్త చూడమ్మా" అంటూ ఎవరో ఒకరు తగులుకుంటారు.

ఆ రోజు పొద్దున్నే కింది అంతస్తులో ఒక గది ఖాళీ అయింది. పుస్తకంలో మొదటి పేరు రిటైరైన టైపిస్టుది.

"ఇప్పుడే వద్దమ్మా, ఇంకా బాగానే ఉన్నాను. నా వరస మాత్రం పోనివ్వకు," అన్నాడాయన. ఈ మాట అనడం నాలుగోసారి. సగం పుస్తకం ఇలాంటివాళ్ళే. తాము రారు, వరసా వదలరు. రెండో పేరు ఒంటరిగా ఉండే టీచరమ్మది. మూడోది మా మామగారిది.

మామగారు మాతోనే మూడో అంతస్తులో ఉంటారు. లిఫ్టు లేదు. నెలలో రెండుసార్లు మెట్ల మీద పడ్డారు. ఇంకోసారి పడితే లేవరని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పట్నుంచి నేను ఆఫీసులో ఉన్నా ప్రాణం ఇంట్లోనే ఉంటోంది.

మా నియమం ఇదీ: మధ్యాహ్నం రెండు లోగా మూడుసార్లు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే గది తర్వాతి పేరుకి. ఎన్ని రింగులన్నది ఎక్కడా రాయలేదు. కళ్ళజోడు వెతుక్కుని, గోడ పట్టుకుని ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్ళకి ఇరవై రింగులైనా పడతాయి. పదకొండేళ్ళుగా ఇరవై లెక్కపెట్టనిదే నేను పెట్టెయ్యలేదు. ఆ రోజు టీచరమ్మకి చేసి ఐదో రింగుకే పెట్టేశాను. మూడుసార్లూ అంతే. మధ్యలో కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాను.

"ఏమ్మా, కాసేపు కూర్చోవా?" అన్నాడు మేనేజరు. కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

రెండు కొట్టగానే 'జవాబు లేదు' అని రాసి, మామగారికి ఫోన్ చేశాను.

"మామయ్యగారూ, గది మనకే వచ్చింది."

"నీ నోట్లో పంచదార పొయ్యాలి," అన్నారు. "ఆ మెట్లు చూస్తే నాకు భయమమ్మాయ్. ఎప్పుడూ చెప్పలేదు గానీ."

"సాయంత్రం నేనూ మీ అబ్బాయీ వచ్చి దింపుతాం. అప్పటిదాకా మీరు కదలొద్దు," అన్నాను.

నాలుగున్నరకి చేతికర్రతో టీచరమ్మ వచ్చింది. ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం.

"మూడుసార్లు ఫోన్ మోగిందమ్మా. నేను లేచి వచ్చేలోపే ఆగిపోయింది. నువ్వే అయ్యుంటావని బయల్దేరాను."

"నేనేనని ఎలా తెలుసండీ?"

"నాకు ఫోన్ చేసేవాళ్ళు ఇంకెవరున్నారు?"

నిలువునా నీరైపోయాను. గది వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందంటే అక్కడితో అయిపోయేది. పుస్తకం నా పక్షమే. నిజం చెప్పొద్దూ, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది, ఇంట్లో కూర్చోకుండా ఎందుకొచ్చిందా అని. అయినా కుర్చీ జరిపి కూర్చోబెట్టి, నేను రాసిన మాట కొట్టేశాను.

"గది మీదేనండీ. నేనే తొందరపడి ఫోన్ పెట్టేశాను."

"ఫర్వాలేదమ్మా, నీకు వంద పనులుంటాయి," అంది ఆవిడ. తిట్టినా బాగుండేది.

వరండాలోకి వెళ్ళి మామగారికి ఫోన్ చేశాను.

"మామయ్యగారూ, పొరపాటైంది. గది మనది కాదు. తప్పంతా నాదే."

ఆయన వెనక బండ్ల హారన్లు వినిపించాయి.

"ఎక్కడున్నారు మీరు?"

"కిందే, మన ఇంటి గేటు దగ్గర. మీ ఇద్దర్నీ శ్రమ పెట్టడమెందుకని బ్యాగు సర్దుకుని ఒక్కణ్ణే దిగేశాను. గంట పట్టింది. ఒక్క మెట్టు కూడా జారలేదు, తెలుసా?" నెమ్మదిగా అడిగారు. "అయితే ఇప్పుడు మళ్ళీ పైకి ఎక్కాలా అమ్మాయ్?"