అసలు చోటు

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు నేను చేసే మొదటి పని బల్ల లాగడం. హాల్లో గోడవారగా ఉన్న బల్లని కిటికీ కిందికి లాక్కుని, అందరూ లేచేదాకా ఆ వెలుతురులో నా పని చేసుకుంటాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అది మళ్ళీ గోడకి చేరి ఉంటుంది. మా ఆయన నాకన్నా గంట ముందొస్తాడు. తాగిన కప్పు కడగడానికి చేతులు రావు గానీ, బల్ల జరపడానికి మాత్రం ఒంటి చెయ్యి చాలు. "దాని అసలు చోటు అది" అంటాడు. ఆరేళ్ళుగా ఇదే మాట. నేను కూడా మారిపోయానట. పెళ్ళైన కొత్తలో ఒక్కమాట ఎదురు చెప్పేదాన్ని కాదని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్తాడు, నా ఎదుటే, నేను వాళ్ళకి టీ అందిస్తుండగా. ఆ కొత్తలో జలుబు చేసి నాకు గొంతు పోయిందన్న సంగతి మాత్రం చెప్పడు.

ఆఫీసులో నా పని తెర మీద కనిపించే మాటలు రాయడం. మేం తయారుచేసేది కంప్యూటర్లో రాసుకోవడానికి వాడే ఎడిటర్ అనే ప్రోగ్రాం. అక్షరాల సైజు, రంగులు, వరస అంకెలు, ఇలా దాని సెట్టింగులు నాలుగొందల పైమాటే. వాడేవాళ్ళు మార్చుకున్న వాటి పక్కన ఒక గుర్తూ, ఒక మాటా ఉండాలి. ఆ మాట రాయమని నాకు చెప్పి, తనే రాసేశాడు మా టీమ్ లీడ్: "అసలు నుంచి తప్పినవి". పక్కన ఎర్రచుక్క. ఆ పక్కన ఇంత లావు బటన్: "అసలు స్థితికి తెచ్చు". నేను "మీరు మార్చినవి" అని రాసి పంపితే, "మరీ ఇంట్లో మాట్లాడుకున్నట్టుంది" అన్నాడు. ఏ ఇంట్లో అలా మాట్లాడుకుంటారో, ఆ ఇల్లు నాకూ చూడాలనుంది.

పోయిన నెల కొత్త వెర్షన్ వదిలాం. అందులో మావాళ్ళు పద్నాలుగు సెట్టింగులకి మేం ముందుగా పెట్టిచ్చే అసలు విలువలే మార్చేశారు. వాడేవాళ్ళ దగ్గర పాతవి అలాగే ఉండిపోయాయి. ప్రోగ్రాం చూసేది అసలు విలువా, వాడేవాళ్ళ దగ్గరున్నదీ ఒకటేనా కాదా అన్నదే, మార్చిందెవరో దానికి అక్కర్లేదు. దాంతో ఏదీ ముట్టుకోని వాళ్ళ తెరల మీద కూడా పద్నాలుగు ఎర్రచుక్కలు పొడిచాయి. ఇక ఉత్తరాలే ఉత్తరాలు. "నేనేం చెయ్యలేదండీ, పొరపాటున చెయ్యి తగిలిందేమో, క్షమించండి." చూపు ఆనని ఒకావిడ కష్టపడి అక్షరాలు పెద్దవి చేసుకుందట. చుక్కలు చూసి హడలిపోయి అన్నిటినీ అసలు స్థితికి తెచ్చేసిందట. ఇప్పుడు మళ్ళీ పెద్దవి చేసుకుందామంటే ఏదెక్కడుందో కనిపించడం లేదని, పక్కింటామె చేత రాయించింది.

మీటింగులో ఆ ఉత్తరం చదివి, ఏది ఎవరు మార్చారో రాద్దామన్నాను.

"వాళ్ళకి అదంతా దేనికమ్మా?" అన్నాడు లీడ్. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను అమ్మా అంటాడు.

"మార్చింది మనం. తప్పింది మీరని వాళ్ళతో అంటున్నాం. అందుకు."

"ఏంటి, ఇంట్లో ఏమైనా గొడవా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కడికైనా తన ఒంటిమీద చొక్కా ఇస్త్రీ చేసిందెవరో తెలుసా అని నాకు అనుమానం. వచ్చే వెర్షన్‌కి మాటలు మాత్రం సోమవారానికల్లా ఖాయం చెయ్యాలని చెప్పి లీడ్ లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సెలవు. మా ఆయన క్షవరానికి వెళ్ళాడు. నేను బల్ల లాగుతుంటే, బీన్స్ తుంచుతున్న అత్తయ్య తలెత్తకుండానే అంది. "నేను కాపరానికొచ్చినప్పుడు అదక్కడే ఉండేది. ఆ కిటికీ కిందే. మిషను పెట్టుకుని కుట్టుకునేదాన్ని. వీధిలోకి చూస్తున్నానని మీ మామయ్యగారు గోడకి తోయించారు."

ఆరేళ్ళుగా నాతో "దాని చోటు అదేనమ్మా" అన్నది ఈవిడే. ఒళ్ళు మండిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?" అంది.

నా మంట ఎటు పోవాలో తెలియక బల్లని ఒక్క ఊపున కిటికీ కిందికి లాగేశాను. తర్వాత ఆ బల్ల ముందే కూర్చుని రెండు మాటలు రాశాను: "మీరు మార్చినవి", "మేం మార్చినవి". చూపు ఆననావిడ ఉత్తరం జతచేసి, లీడ్‌కి ఒక్కడికే కాదు, లీడ్ పైవాడికీ టీమ్ అందరికీ పంపాను. వీధి చివర ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి నాలుగు పొడుగాటి స్క్రూలు తెచ్చాను. బల్లని కిటికీ కింది గోడకి బిగిస్తుంటే అత్తయ్య వచ్చి రెండో కొస పట్టుకుంది.

మా ఆయన వచ్చాడు. వస్తూనే అలవాటుగా ఒంటి చేత్తో బల్ల గుంజాడు. రాలేదు. రెండు చేతులూ వేశాడు.

"ఏమైంది దీనికి?"

"అది నేను మార్చింది," అన్నాను. "వెనక్కి తెచ్చే బటన్ పెట్టలేదు."