పదిహేడో ఆవిడ

పొద్దున్నే, దరఖాస్తు ఫొటోకి మా ఆయన వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "ఏమోయ్, 'ఆడవాళ్ల అదృశ్య శ్రమ' అన్నదానికి ఇంకో మంచి మాట చెప్పు," అన్నారు. చెప్పాను. రాసుకున్నారు. కాలర్ ఇంకోసారి రుద్దమన్నారు.

స్త్రీలు, ప్రపంచీకరణ, మానవ భద్రత. వీటి మీద పరిశోధనకి రెండేళ్ల ఫెలోషిప్. ఈ సాయంత్రం అయిదింటితో గడువు. యూనివర్సిటీలో ఆయన ప్రొఫెసరు, నేను ఏడాదికోసారి 'మళ్లీ తీసుకుంటారా' అని కనుక్కునే గెస్టు లెక్చరర్ని. విదేశాలకి బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఇరవై తొమ్మిది మందిని బస్సుల్లో, మెట్ల మీద, మరుగుదొడ్డి క్యూల్లో పట్టుకుని వాళ్ల మాటలు రాసుకొచ్చింది నేను. నేనూ దరఖాస్తు పెడతానంటే నవ్వారు. "ఒకే ఇంట్లోంచి రెండా? బాగోదు. సాయం చేసిందని చివర్లో నీ పేరు వేస్తాలే." వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు: "మొగుడికొస్తే నీకొచ్చినట్టు కాదా అమ్మా?" ఆ లెక్కన ఆయన భోంచేస్తే నా కడుపు నిండాలి. ఆయన మీద కోపం రావడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు రోత, అంతే.

పదిహేడో నంబరుగా రావాల్సినావిడ ఓవర్‌టైం పడి రాలేదు. ఆ రోజు రికార్డర్ ముందు కూర్చుని, నా ప్రశ్నలకి నేనే జవాబులు చెప్పుకుని, కాగితాల్లో కలిపేశాను. ముప్ఫైలో ఆయనకి నచ్చింది సరిగ్గా అదే. పైకి చదివి వినిపించారు.

"'పెళ్లయి పద్నాలుగేళ్లయింది. నేను టీలో చక్కెర వేసుకోనని మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. నేనన్న మాటే మర్నాడు నలుగురిలో తన మాటగా చెబుతాడు.' ఎంత మొద్దు మొగుడో చూశావా? పాపం, చదువూ సంధ్యా లేని మనుషులు. దీంతోనే మొదలెడతా."

నవ్వాపుకోలేక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. అప్పుడే నిశ్చయించుకున్నాను.

నాలుగున్నరకి ఆయన అంగీకార పత్రాలు తిరగేశారు. తమ మాటలు వాడుకోవచ్చని ఒక్కొక్కరూ సంతకం పెట్టిచ్చిన కాగితాలవి. అవి జతచేయకపోతే దరఖాస్తు చెల్లదు. ఇన్నాళ్లలో ఒక్కటీ చదవలేదు మహానుభావుడు.

"పదిహేడో ఆవిడది లేదేం?"

"మీకివ్వడానికి ఒప్పుకోలేదండి."

"నచ్చజెప్పలేకపోయావా? ఫోన్ చేసి నా పేరు చెప్పు."

"మీరెవరో ఆవిడకి బాగా తెలుసు."

"మరింకేం?"

"మిగతావాళ్లు ఎవరికి ఒప్పుకున్నారో, ఆ పేరు కూడా చదవండి. నా దరఖాస్తు మధ్యాహ్నమే పంపేశాను, పదిహేడో ఆవిడ సంతకంతో సహా."