గోళీ వేసుకున్న డ్రైవరు

బస్సెక్కితే శేషారత్నానికి కడుపులో తిప్పుతుంది. విజయవాడలో కూతురింటికి వెళ్ళాలంటే ముందే ఓ బిళ్ళ మింగి బయలుదేరుతుంది. దాంతో వాంతి రాదు గానీ, చౌటుప్పల్ రాకముందే తల వాలిపోతుంది.

ఆ మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో ప్రైవేటు బస్సు నిండిపోయింది. డ్రైవరు లింగస్వామి ఎక్కాడు గానీ తన సీట్లో కూర్చోలేదు. ప్రయాణికుల వైపు తిరిగి నిలబడ్డాడు.

"జర మాఫ్ చేయుండ్రి. పొద్దుగాల కళ్ళు తిరిగి పడబోయిన. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానల గోళీ ఇచ్చిండ్రు. తిరుగుడు తగ్గింది. కానీ నిద్రొస్తది, బండి నడపొద్దని డాక్టరమ్మ చెప్పింది. వేరే డ్రైవర్ వచ్చేదాంక ఆగాలె."

బస్సంతా గొణుగుడు మొదలైంది. పెళ్ళికి ఆలస్యమవుతోందని ఒకాయన లేచి నిలబడ్డాడు. కింద నుంచి మేనేజరు మల్లికార్జునరావు తల లోపలికి పెట్టాడు.

"తగ్గిందిగా లింగస్వామీ? టీ తాగి ఎక్కు. సూర్యాపేటలో ఇంకోటి తాగుదువు."

"ఛాయ్‌తోని పోయే నిద్ర కాదు సార్." లింగస్వామి బండి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ముందు సీట్లోంచి శేషారత్నం అంతా చూస్తోంది.

"ఏం బిళ్ళ ఇచ్చారు నాయనా?" అనడిగింది.

అతను జేబులోంచి చూపించాడు. ఆమె తన చేతిసంచిలోంచి అలాంటిదే తీసి, పెళ్ళికెళ్ళే ఆయన ముందు పెట్టింది.

"ఇందాకే ఇది మింగాను. కాసేపట్లో నా సంచి ఎవరు పట్టుకెళ్ళినా నాకు తెలీదు. అదే బిళ్ళ వేసుకున్న మనిషిని నడపమంటారా? ఆగుదాం బాబూ."

ఆయన మళ్ళీ తన సీట్లో కూర్చున్నాడు. మేనేజరు ఫోను తీసి హయత్‌నగర్‌లో ఉండే ఇంకో డ్రైవరు జానయ్యను పిలిచాడు.

జానయ్య వచ్చేదాకా లింగస్వామి ఇంటికి పోలేదు. పిల్లల తల్లులకు నీళ్ళ సీసాలు తెచ్చిచ్చాడు. అతనొచ్చాక, "ఎడమ అద్దం వదులైంది, చూసుకో" అని చెప్పి, మెట్రో వైపు మెల్లగా నడిచాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని బస్సులెక్కినా, డ్రైవరు మొహం ఇంత శ్రద్ధగా చూడలేదని శేషారత్నానికి అనిపించింది. మేనేజరు ముందు అంతమాట అనడానికి ఎంత గుండె కావాలి!

బస్సు కదిలింది. కళ్ళు మూతలు పడుతున్నా కూతురికి ఫోన్ చేసింది.

"సంధ్యా, ఆలస్యమవుతుందే. కంగారు పడకు. మంచి మనిషి చేతిలో పడ్డాం ఇవాళ."

"డ్రైవరు బాగా నడుపుతున్నాడా అమ్మా?"

"నడపనన్నాడే," అంది శేషారత్నం. "వచ్చాక చెప్తాను."