అమా అన్న పిలుపు

చాంగీ బిజినెస్ పార్క్‌లో పని ముగించుకొని ఉజ్వల బుకిట్ బటోక్‌లోని తన ఫ్లాట్‌కు చేరేసరికి రోజూ ఏడు దాటేది. ఆ సాయంత్రం పక్క ఫ్లాట్ గేటు దగ్గరకు వెళ్లేసరికి, తన ఏడాదిన్నర కూతురు వర్షిత బీ హోంగ్ ఆంటీ మెడను రెండు చేతులా చుట్టుకొని "అమా" అంటోంది. పగలంతా పాపను చూసుకునేది ఈ చైనీస్ ఆంటీయే. అయినా ఉజ్వలకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లిని పాప ఇంకా ఒక్కసారైనా అలా పిలవలేదు.

ముందురోజే కాకినాడ నుంచి దిగిన అత్తగారు తారాదేవి, ఉజ్వల చెప్పగానే ఆ మాట తేలిగ్గా తీసేసింది. "అన్నం పెట్టే మనిషిని అమ్మా అంటే తప్పేంటే? అంత కుళ్లు పనికిరాదు."

శనివారం ఇద్దరూ పాపను ఎత్తుకొని ఆంటీ ఇంటికి వెళ్లారు. టీ తాగుతూ ఉజ్వల ఉండబట్టలేక అడిగేసింది. "ఆంటీ, పాప చేత అమ్మా అని పిలిపించుకుంటున్నారా?"

ఆంటీ నవ్వి ఇంగ్లీషులో చెప్పింది. "అమ్మ కాదు, అ-మా. మా హొక్కియెన్‌లో నాన్నమ్మ. ఆ 'మా' అనే చైనీస్ అక్షరమే మాండరిన్‌లో తల్లి. మా ఆయన వాళ్ల కాంటొనీస్‌లోనూ తల్లే. చిన్నప్పుడు మా అబ్బాయి అమ్మమ్మనీ అలాగే అనేవాడు, నన్ను పిలిస్తే మా అమ్మ కూడా పలికేది."

ఉజ్వల మనసు తేలికపడింది. అత్తగారికి తెలుగులో చెప్పింది.

తారాదేవి కప్పు కింద పెట్టేసింది. "అంటే, నాన్నమ్మా?"

"అవునత్తయ్యా."

"నేను బతికుండగానే?"

ఆంటీ ఒళ్లోంచి పాపను లాక్కుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది. "సోమవారం నుంచి దీన్ని నేనే చూసుకుంటాను," అంది తారాదేవి.

సోమవారం మధ్యాహ్నం ఉజ్వల ఇంటికి ఫోన్ చేస్తే, గేటు ఊపుతున్న చప్పుడు మధ్య "అమా, అమా" అని ఏడుస్తున్న పాప గొంతే వినపడింది. కుళ్లంటే ఏమిటో అత్తగారికి ఇప్పుడు తెలిసి ఉంటుందనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

సాయంత్రం వచ్చేసరికి తన ఫ్లాట్‌కు తాళం వేసి ఉంది. పక్కింట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఏడుపు మానని పాపను అత్తగారే అక్కడికి తీసుకెళ్లినట్టుంది. నేలమీద పాత పేపరు పరచుకొని తారాదేవి, ఆంటీ కలిసి పెసర మొలకల తోకలు తుంచుతున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. పాప ఒక్కో మొలకా తీసి ఒకసారి ఈమె చేతిలో, ఒకసారి ఆమె చేతిలో పెడుతోంది. ఎవరూ తలెత్తలేదు.

ఉజ్వలకు మళ్లీ లోపల చురుక్కుమంది.

"అమ్మొచ్చింది," అంది గేటు బయటి నుంచి, తనే.

పాప చూసి నవ్వింది. చేతిలో మొలక మాత్రం వదల్లేదు. ఉజ్వల చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, ఆ పేపరు చివర కూర్చొని మొలక కోసం పాప వైపు చెయ్యి చాపింది.