ఖాళీ కుండ మీద వెలుగు

హరిమా కొండల్లో చెర్రీలు విరగబూసిన ఆదివారం, ప్రయోగశాలలో ఉన్నవాళ్ళంతా కింద పరుచుకునే నీలం పట్టాలు చంకన పెట్టుకుని పూల కింద కూర్చోవడానికి పోయారు. చిగుసా ఒక్కతే ఉండిపోయింది. ఎవరూ ఉండమనలేదు పాపం, తనే అడిగి మరీ ఉంది.

ఆ పిల్ల పనేమిటంటే, ప్రోటాన్ కడుపులో స్ట్రేంజ్ క్వార్కులనే నలుసులు ముందునుంచే కాపురముంటున్నాయా లేదా అని చూడటం. ప్రోటాన్‌లో ఉండేవి రెండే రకాలని బడి పుస్తకాల్లో రాస్తారు గానీ, ఈ మూడో రకం జంటలు జంటలుగా అలా వచ్చి ఇలా పోతుంటాయట. కంటికి కనబడేవా, చేతికి దొరికేవా? అందుకని గడ్డ కట్టించే చలిలో ద్రవంగా మారిన హైడ్రోజన్‌ని చిన్న కుండలో నింపి, దాని మీదికి మహా జోరైన వెలుగు పంపుతారు. వెలుగు తగిలినచోట ఒక్కోసారి ఫై అనే మీసాన్ నలుసు పుట్టి, పుట్టీ పుట్టగానే రెండు ముక్కలవుతుంది. లోపల స్ట్రేంజ్ క్వార్కులుంటే ఆ ముక్కలు ఒక పక్కకి కాస్త ఎక్కువ ఒరుగుతాయి. ఆరేళ్ళుగా చిగుసా లెక్కలో అవి ఒరుగుతూనే ఉన్నాయి. వచ్చే నెల క్యోటో సభలో ఆ మాట చెప్పాలి. అది చెబితే ఏటేటా పొడిగించే కొలువు పోయి, కాలు చాపుకుని ఉండే ఉద్యోగం వస్తుంది.

ప్రతి విడత చివరా ఒక ఆచారముంది. కుండలో హైడ్రోజన్ తీసేసి, ఖాళీ కుండ మీదికి అదే వెలుగు పంపుతారు. కుండ గోడలోంచి పుట్టేవెన్నో తెలిస్తే వాటిని తీసెయ్యొచ్చని. గోడ ఉల్లిపొరంత పలచన, అందులోంచి ఏం వస్తాయిలే అని ఎప్పుడూ గంటసేపు నడిపి, వచ్చిన నాలుగింటినీ హెచ్చవేసి సరిపెట్టేవాళ్ళు. ఈసారి చిగుసా రోజంతా నడుపుతానంది.

"ఖాళీ కుండకి కాపలానా అక్కా? ఎవడెత్తుకుపోతాడని?" అన్నాడు తోటి కుర్రాడు కువబరా, సీసాలు సంచిలో సర్దుకుంటూ.

"నువ్వు తాగి పడితే ఎత్తుకు రావడానికి ఒకరుండాలిగా" అంది చిగుసా.

నవ్వుకుంటూ పోయారు. బస్సు చప్పుడు కూడా సద్దుమణిగింది.

గంట గడిచాక తత్సుఓకా సెన్సే ఫోన్ చేశాడు. ఆరేళ్ళుగా ఆమెకి గురువూ, పెద్ద దిక్కూ ఆయనే. ఎప్పటిలా గంట చాలు, ఆపేసి వచ్చెయ్యమన్నాడు. ఆయన వెనక ఎవరో పాడుతున్నారు. ఆపేస్తే అడిగేవాళ్ళెవరూ లేరు. అప్పటికి తెర మీద పడినవి, ఫైకొకటి చొప్పున, గుప్పెడు చుక్కలు, ఎటు ఒరిగాయో తేలనంత తక్కువ. ఇంకాసేపు చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు చెయ్యి దాని మీదే ఉంచుకుంది.

మధ్యాహ్నానికి చుక్కలు నిండాయి. అవీ ఒరిగాయి. అదే పక్కకి.

లెక్కలోంచి గోడ వాటా తీసేసి చూసింది. మళ్ళీ తీసి చూసింది. ఇన్నేళ్ళ ఒరుగంతా గోడదే. కొత్త సంగతి కనిపెట్టి లోకంలో తనొక్కతికే తెలిసిన ఆ క్షణం కోసం ఇన్నేళ్ళు కాచుకుందా, తీరా తనొక్కతికే తెలిసింది అది లేదని. చెప్పుకుందామంటే గదిలో పంపుల హోరు తప్ప ఇంకేముంది?

ఎండ వాలుతుండగా సెన్సే ఆమెకోసం అన్నం డబ్బా పట్టుకొచ్చాడు. భుజం మీద పూరేకు అంటుకునుంది. ఆమె కుర్చీ జరిపి తెర చూపించింది. ఆయన నిలబడే చూశాడు.

"తీసేస్తే ఎంత మిగిలింది?"

"ఏమీ మిగల్లేదు సెన్సే. లోపల లేవని కాదు. ఉన్నాయని మాత్రం ఇది చెప్పడం లేదు."

గంట చాలన్నది తనేనని ఆయన నెమ్మదిగా అన్నాడు. ఆమె కాదనలేదు.

"క్యోటో వెళ్ళి ఇదే చెప్పు."

"ఏమీ కనబడలేదని చెబితే వినడానికి ఎవరొస్తారండీ?"

"ఎవరూ రారు. నేనుంటాను ముందు వరసలో" అన్నాడు. కాసేపటికి ఆఖరి బస్సుకి వేళైందని వెళ్ళిపోయాడు.

చిగుసా డబ్బా విప్పింది. అన్నం చల్లారిపోయింది. నాలుగు ముద్దలు తిని, సభకి పంపిన వ్యాసం పేరు కొట్టేసి, కొత్త పేరు ఏం పెట్టాలో తోచక ఆ చోటు అలాగే వదిలేసింది. వెలుగు మాత్రం ఆపలేదు. లేదని చెప్పాలన్నా చుక్కలు ఇంకా చాలా కావాలి మరి.